ఆస్తమా అని మాత్రం అనలేదు

మొన్న ఆదివారం రాత్రి పదిన్నరకి తెనాలి నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు ఊరి నుంచి ఫోనంటే గుండె ఒకసారి జారుతుంది. ఎత్తితే గుసగుసగా మాట్లాడుతోంది. పక్క గదిలో అత్తగారు పడుకున్నారట. "అన్నయ్యా, బాబుకి మళ్ళీ ఆయాసం వచ్చింది. ఈసారి గుంటూరు తీసుకెళ్ళి చూపించాం. ఇన్‌హేలర్ రాశారు. ఆస్తమా అని మాత్రం అనలేదు."

ఆ చివరి మాట దగ్గర ఆమె గొంతు తేలికపడింది. ఆ తేలికదనం నాకు బాగా తెలుసు. మా అమ్మాయి విషయంలో దాదాపు ఏడాది పాటు నేను దాన్నే పట్టుకుని వేలాడాను. ఫోన్‌లో ఆమెకి ఏం చెప్పానో నాకే సరిగ్గా గుర్తులేదు, "వాడమ్మా, ఏం కాదు" అని పెట్టేసి ఉంటాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. పిల్లల ఆస్తమాకి మంచి మందులున్నాయి. మనలాంటి ఇళ్ళల్లో పిల్ల వాటి దాకా చేరకుండా అడ్డుపడేది చాలాసార్లు డబ్బు కాదు, దూరం కాదు. ఆ పేరు నోటితో అనడానికి ఎవరికీ ఇష్టం లేకపోవడం. నేను డాక్టర్ని కాను. ఒక ఆస్తమా రోగి కొడుకుని, ఒక ఆస్తమా పిల్ల తండ్రిని, అంతే.

ఫైలులో లేని మాట

అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. గొడవ మొదలైంది రెండున్నరేళ్ళప్పుడు. జలుబు ఏ పిల్లకైనా చేస్తుంది. దీనికి మాత్రం ముక్కు కారడం మొదలైన రెండో రోజుకే ఛాతీలోకి దిగిపోయేది. పగలంతా ఆడుతూనే ఉండేది, రాత్రి రెండు మూడు గంటల మధ్య దగ్గు అందుకునేది. గట్టిగా నవ్వితే దగ్గు. సోఫా చుట్టూ నాలుగు చుట్లు పరిగెత్తితే దగ్గు. చక్కిలిగింతలు పెడితే దగ్గొస్తుందని ఇంటికొచ్చిన చుట్టాలకి ముద్దుగా చేసి చూపించేవాళ్ళం కూడా. ఆ ముచ్చట చూపించాల్సింది డాక్టరుకని మాకు తట్టలేదు.

మూడున్నరేళ్ళు వచ్చాక, ఒక డిసెంబరు రాత్రి లేచి కూర్చుంది. ఏడవట్లేదు. ఏడవడానికి ఊపిరి చాలట్లేదని అర్థమయ్యేసరికి నాకు చెమటలు పట్టాయి. గౌను పైకెత్తి చూస్తే శ్వాస తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంటపడుతోంది. మెడ కింద గుంట కూడా అలాగే లాగుతోంది. డొక్కలెగరేయడం అని మా అమ్మ అనగా వినడమే కానీ లైటు వేసి అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. "నాన్నా" అంది. ఆగింది. "నీళ్ళు" అంది. మళ్ళీ ఆగింది. "కావాలి" అంది. మూడు మాటలకి మూడు ఊపిర్లు. ఫోన్‌లో నిమిషం చూసుకుని లెక్కపెట్టాను, 56 వచ్చింది. ఏడాది నిండి అయిదేళ్ళ లోపున్న పిల్లలకి నిమిషానికి 40 దాటితేనే వేగం ఎక్కువైనట్టని తర్వాత తెలిసింది. ఆ క్షణానికి అంకె ఎందుకు లెక్కపెడుతున్నానో కూడా తెలీదు, చేతులకి ఏదో ఒక పని కావాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఇరవై అయిదేళ్ళ కుర్రాడు. నెబ్యులైజర్ మాస్కు పెడుతూ అడిగాడు.

"పాపకి ఆస్తమా ఉందా అండీ?"

"లేదండీ, అలాంటిదేం లేదు."

"ఇంతకు ముందు నెబ్యులైజేషన్ ఎన్నిసార్లు పెట్టించారు?"

నేనూ మా ఆవిడా వేళ్ళ మీద లెక్కపెట్టాం. ఏడాదిలో ఏడుసార్లు. అతను తలెత్తి ఒకసారి నా వైపు చూసి, మళ్ళీ మాస్కు సర్దుకున్నాడు. ఏమీ అనలేదు.

ఇంటికొచ్చాక ఫైలులో కాగితాలన్నీ మంచం మీద తేదీల వారీగా పరిచాను. ఎల్‌ఆర్‌టీఐ, అంటే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ అని ఒకటి. వీజీ బ్రాంకైటిస్ అని రెండు. అలర్జిక్ కాఫ్. హైపర్ రియాక్టివ్ ఎయిర్‌వే. ఒక రక్తపరీక్ష పక్కన పెన్నుతో ఇస్నోఫీలియా. ఇంట్లో మేం వాడుకునే మాటలు వేరే. నెమ్ము చేసింది, కఫం పట్టేసింది, పడిశం దిగింది, ఒంటి తత్వం అంత. ముగ్గురు డాక్టర్లు, అయిదు యాంటీబయాటిక్ కోర్సులు, ఇన్ని పేర్లు. ఏ కాగితం మీదా ఆ ఒక్క మాట లేదు. విడివిడిగా చూస్తే ప్రతి కాగితమూ సరిగ్గానే కనిపిస్తుంది. ఆ రోజుకి పిల్లకి దగ్గు ఉంది, పిల్లికూతలు ఉన్నాయి, మందు ఇచ్చారు, తగ్గింది. పక్కపక్కన పేరిస్తే గానీ అవన్నీ ఒకే జబ్బు రాసుకున్న ఉత్తరాలని తెలియలేదు.

మా ఇల్లొక్కటే ఇలా అనుకోవడానికి లేదు. దేశంలో తొమ్మిది చోట్ల స్కూలు పిల్లల్నీ వాళ్ళ తల్లిదండ్రుల్నీ అడిగి చేసిన గ్లోబల్ ఆస్తమా నెట్‌వర్క్ అధ్యయనం 2022లో వచ్చింది. పిల్లికూతలతో బాధపడుతున్నవాళ్ళలో 82 శాతం మందికి ఆస్తమా అని ఎవరూ చెప్పనే లేదు. లక్షణాలు తీవ్రంగా ఉన్నవాళ్ళలో కూడా 70 శాతం మందిది అదే పరిస్థితి. రోజూ ఇన్‌హేలర్ స్టెరాయిడ్ వాడుతున్నవాళ్ళు రెండున్నర శాతం కూడా లేరు. 2019 ప్రపంచ వ్యాధిభారం అంచనాల్లో ఆస్తమా ఉన్నవాళ్ళలో సుమారు 13 శాతం మంది మన దేశంలో ఉంటే, దానివల్ల చనిపోయేవాళ్ళలో 42 శాతం మంది మనవాళ్ళే. ఈ రెండు అంకెల మధ్య తేడా చూసినప్పుడల్లా నాకు మంచం మీద పరిచిన ఆ కాగితాలే గుర్తొస్తాయి.

నాన్న బాత్రూంలో పీల్చిన మందు

డ్యూటీ డాక్టరుకి "లేదండీ" అని అంత చప్పున ఎందుకు అన్నాను? ఆస్తమా అంటే నాకు మా నాన్న.

కార్తీకం మొదలైతే మా ఇంట్లో రాత్రిళ్ళు వేరేగా ఉండేవి. నాన్న పడుకునేవారు కాదు. మంచం అంచున కూర్చుని, ముందు స్టూలు వేసుకుని, దాని మీద దిండు పెట్టి, దిండు మీద మోచేతులు ఆనించి, భుజాలు పైకి లాగి ఊపిరి తీసేవారు. ఆ పిల్లికూతలు వింటూ నిద్రపోవడం అలవాటైపోయింది మాకు. ఆగిపోతే మెలకువ వచ్చేది. మరీ ఎక్కువైతే తమ్ముడో నేనో సైకిలేసుకుని ఆర్‌ఎంపీ గారిని లేపుకొచ్చేవాళ్ళం. ఆయన డెకడ్రాన్, డెరిఫిలిన్ కలిపి నరానికి ఇంజెక్షన్ చేసేవాడు. తెల్లారేసరికి నాన్న లేచి స్నానం చేసి బడికి వెళ్ళిపోయేవారు, రాత్రి ఏమీ జరగనట్టే.

ఎనభైల్లో మూడేళ్ళు వరసగా మృగశిర కార్తెకి హైదరాబాదు వెళ్ళి, పాతబస్తీ దూద్‌బౌలిలో చేప మందు మింగి వచ్చారు. నోట్లో పసుపుపచ్చ ముద్ద పెట్టిన బతికున్న కొర్రమీను పిల్ల గొంతులోంచి జారడం ఎలా ఉంటుందో మాకు అభినయించి చూపించేవారు. ఇప్పుడు అది నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఇస్తున్నారు, మందు అనడం మానేసి ప్రసాదం అంటున్నారు. 1845 నుంచి ఉచితంగా ఇస్తున్నామని బత్తిని కుటుంబం చెబుతుంది. అక్కడికి వచ్చేవాళ్ళని వెటకారం చేయడం నాకు చేతకాదు. రాత్రంతా దిండు మీద మోచేతులు పెట్టుకుని కూర్చున్న మనిషి ఏది ఇస్తే అది మింగుతాడు. కానీ ఒక సంగతి పెద్దయ్యాక అర్థమైంది. నాన్నకి ఎక్కువయ్యేది మంచు పడే రోజుల్లో, కార్తీకం నుంచి సంక్రాంతి దాటేదాకా. జూన్‌లో ఏం మింగినా, మింగకపోయినా అక్టోబరు దాకా ఆయన బాగానే ఉండేవారు. ఆ నాలుగు నెలలూ చేప ఖాతాలో పడేవి. కార్తీకంలో మళ్ళీ మొదలైతే "పథ్యం తప్పాను" అని తన ఖాతాలో వేసుకునేవారు. ఆస్తమా తనంతట తాను వస్తూ పోతూ ఉండే జబ్బు. అందుకే దీని చుట్టూ ఇన్ని వైద్యాలు బతుకుతున్నాయి. ఎవరు ఏది ఇచ్చినా కొన్నాళ్ళు పనిచేసినట్టే ఉంటుంది.

నాన్నకి యాభై దాటాక గుంటూరులో ఒక డాక్టరు గారు ఇన్‌హేలర్ మొదలుపెట్టారు. రాత్రుళ్ళు స్టూలు అవసరం తగ్గింది. అయినా నాన్న ఆ డబ్బాని బీరువాలో పంచెల వెనక దాచేవారు. వాడాలంటే బాత్రూంలోకి తీసుకెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో పీల్చుకుని వచ్చేవారు. ఇంట్లో ఉండేది మేమే. మాకు తెలుసని ఆయనకీ తెలుసు. అయినా కుళాయి తిప్పేవారు.

ఒక పిడకలవేట. మా ఊళ్ళో ముసలివాళ్ళు కొందరు ఉబ్బసానికి ఎండిన ఉమ్మెత్త ఆకు చుట్టి కాల్చి పొగ పీల్చేవాళ్ళు. ఉమ్మెత్తలో విషం ఉంది, దాని జోలికి పోవద్దు. కానీ ఆ ఆకులోని అట్రోపిన్ లాంటి పదార్థాలకి శ్వాసనాళాలని కాస్త వదులు చేసే గుణం నిజంగానే ఉంది. నెబ్యులైజర్‌లో వేసే ఐప్రాట్రోపియం అట్రోపిన్ కుదురు నుంచి వచ్చినదే. అంటే ఊపిరితిత్తుల జబ్బుకి మందుని పీల్చాలన్న సంగతి మన తాతలకి తెలుసు. చుట్ట అందరి ముందూ కాల్చారు, ఇన్‌హేలర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కుళాయి తిప్పాల్సి వచ్చింది.

స్టెరాయిడ్ అంటే

చివరికి నాలుగో డాక్టరు గారు, మా ఫైలంతా ఓపిగ్గా తిరగేసి, "ఇది ఆస్తమా" అన్నారు. ఆమె ఆ మాట మామూలుగా అనేశారు, కళ్ళజోడు అవసరం అన్నట్టు. ప్రిస్క్రిప్షన్ వెనక రెండు గుండ్రాలు గీశారు. ఒకటి మామూలు శ్వాసనాళం. రెండోది మీ అమ్మాయిది అంటూ లోపలి గోడ లావుగా గీశారు. దగ్గు లేని రోజుల్లో కూడా ఈ వాపు అంతోఇంతో ఉంటుంది, జలుబో పొగో తగిలితే చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, అప్పుడు మీకు పిల్లికూతలు వినిపిస్తాయి. నీలం రంగు ఇన్‌హేలర్ ఆ కండరాన్ని నాలుగైదు గంటలు వదులు చేస్తుంది, వాపు జోలికి పోదు. వాపు తగ్గాలంటే రోజూ వాడే రెండో ఇన్‌హేలర్ కావాలి. అందులో ఉండేది బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్.

స్టెరాయిడ్ అనగానే మా ఆవిడ చెయ్యి నా మోచేయి మీద పడింది. ఇంటికెళ్ళాక మా అమ్మ: "నాలుగేళ్ళ పిల్లకి స్టెరాయిడా? ఇన్‌హేలర్ అలవాటు పడితే మానలేదు. ఆడపిల్ల, రేపు పెళ్ళప్పుడు ఏమని చెబుతాం?" పిల్లకి ఇంకా చెప్పుల జత కుడీ ఎడమా తెలీదు.

అమ్మ భయాన్ని కొట్టిపారేయలేకపోయాను, ఎందుకంటే నా భయమూ అదే. అందుకని కూర్చుని లెక్క వేశాను. ఫైలులో "అయిదు రోజులు" అని రాసిన ఒక తియ్యటి సిరప్ నాలుగుసార్లు ఉంది. పేరు వెతికితే అది ప్రెడ్నిసలోన్. స్టెరాయిడే. నోటి ద్వారా ఒళ్ళంతా తిరిగే స్టెరాయిడ్. రోజుకి 15 మిల్లీగ్రాముల చొప్పున అయిదు రోజులంటే 75 మిల్లీగ్రాములు, అంటే 75,000 మైక్రోగ్రాములు. కొత్త ఇన్‌హేలర్ రోజుకి 200 మైక్రోగ్రాములు. ఒక్క సిరప్ కోర్సు బరువులో ఏడాదికి పైగా ఇన్‌హేలర్‌కి సమానం. మేమేమో ఆ సిరప్పుని నాలుగుసార్లు, మూత నిండా, ఏ బెరుకూ లేకుండా పోశాం. ఎందుకంటే సీసా మీద మేం గుర్తుపట్టే మాట లేదు. ఈ లెక్క డాక్టరు గారికి చూపిస్తే నవ్వి, రెండు మందుల బలం ఒకటి కాదు, గ్రాముకి గ్రాము పోల్చకూడదు, బుడెసొనైడ్ అందులో గట్టిది అన్నారు. కానీ దిశ సరైందే, ఇది నేరుగా ఊపిరితిత్తులకి పోయే చిన్న మోతాదు అని ఒప్పుకున్నారు.

ఎత్తు పెరగదంటారే? అదీ అబద్ధం కాదు. అమెరికాలో బుడెసొనైడ్ రోజూ వాడిన పిల్లల్ని పెద్దవాళ్ళయ్యేదాకా గమనించి 2012లో ఫలితం చెప్పారు. వాడనివాళ్ళ కంటే సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ. వాళ్ళు వాడింది రోజుకి 400 మైక్రోగ్రాములు, నాలుగేళ్ళకి పైగా. తగ్గింది కూడా మొదటి రెండేళ్ళలోనే, తర్వాత ఏటేటా పెరుగుతూ పోలేదు. ఒకటింపావు సెంటీమీటరు ఒక పక్క, ఏడాదికి ఏడు అర్ధరాత్రి పరుగులు ఒక పక్క. ఎవరి లెక్క వాళ్ళది. నాది తేలిపోయింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇన్‌హేలర్ వద్దని తల్లిదండ్రులు బతిమాలి రాయించుకునే మాత్ర ఒకటుంది, మాంటెలుకాస్ట్. మాత్ర కాబట్టి మనకి మర్యాదగా కనిపిస్తుంది. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి తన అత్యంత తీవ్రమైన హెచ్చరికని తగిలించింది. పీడకలలు, చిరాకు, మనసు కలత లాంటివి కొందరిలో రావచ్చని. పనికొచ్చే పిల్లలకి అది పనికొస్తుంది, కాదనను. కానీ మనం దేనికి భయపడుతున్నామో, దేన్ని నిశ్చింతగా మింగిస్తున్నామో చూస్తే, మందుని బట్టి కాకుండా దాని ఆకారాన్ని బట్టే నిర్ణయించుకుంటున్నట్టుంది.

పేరు పెట్టకపోవడానికి కారణాలు లేకపోలేదు

ఇంతవరకూ రాసింది చదివి ఆ మొదటి ముగ్గురు డాక్టర్లని తప్పుపడుతున్నానని అనుకోవచ్చు. కొంత కోపం ఉన్నమాట నిజమే. కానీ రెండున్నరేళ్ళ పిల్లకి ఆస్తమా అని తేల్చడం అంత తేలిక కాదు. గట్టిగా ఊది చూపించే స్పైరోమెట్రీ పరీక్ష అయిదారేళ్ళ లోపు పిల్లలు సరిగ్గా చేయలేరు. ఎక్స్‌రేలో కనపడదు. చెవితో విని, ఇంట్లోవాళ్ళని అడిగి, మందు ఇచ్చి తేడా చూసి చెప్పాలి. అమెరికాలోని టూసాన్ నగరంలో పుట్టినప్పటి నుంచి పిల్లల్ని వెంబడించిన అధ్యయనం ఫలితాలు 1995లో వచ్చాయి. మూడేళ్ళ లోపు పిల్లికూతలు వచ్చిన పిల్లల్లో దాదాపు 60 శాతం మందికి ఆరేళ్ళు వచ్చేసరికి అవి పోయాయి. అంటే రెండేళ్ళ పిల్లకి తొందరపడి ఆ ముద్ర వేస్తే సగానికి పైగా తప్పే అవుతుంది.

దగ్గంతా ఆస్తమా కాదు కూడా. వేరుశనగ గింజ ఊపిరిగొట్టంలోకి పోయినా పిల్లికూతలు వస్తాయి, ఉన్నట్టుండి, చాలాసార్లు ఒక పక్కనే. వారాల తరబడి రాత్రీ పగలూ తడి దగ్గు ఉండి బరువు పెరగకపోతే వేరే సంగతులు వెతకాలి. మన దేశంలో క్షయ నిజం. ఒకప్పుడు దగ్గిన ప్రతి పిల్లకీ ప్రైమరీ కాంప్లెక్స్, అంటే పిల్లల్లో వచ్చే క్షయ అని ఆరు నెలలు మందులు వాడించారని నవ్వుకుంటాం కానీ, ఆ అనుమానానికి ఒక కారణం ఉంది.

మా డాక్టరు గారినే ఒకసారి అడిగాను, మీవాళ్ళు ఆ మాట ఎందుకు అనరని. "అంటే వచ్చే వారం ఇంకో డాక్టరు దగ్గర ఉంటారండీ. అలర్జీ దగ్గు అంటే కనీసం మందు వాడతారు" అన్నారు. అది విన్నాక నా కోపం సగం నా మీదికే తిరిగింది. మనం వినడానికి ఒప్పుకోని మాట ఏ డాక్టరైనా ఎందుకు అంటారు?

అయినా నేను పేరు వైపే ఉంటాను. "అలర్జీ దగ్గు" అని మందు ఇస్తే దగ్గు తగ్గగానే మానేస్తాం. ఆస్తమా అని తెలిస్తేనే దగ్గు లేని రోజు కూడా వాడాలన్న మాట తలకెక్కుతుంది. అది కూడా వెంటనే ఎక్కదు. పేరు తెలిసిన మొదటి ఎండాకాలం పిల్ల బ్రహ్మాండంగా ఉందని ఎవరికీ చెప్పకుండా నేనే ఇన్‌హేలర్ ఆపేశాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. సెప్టెంబరులో మళ్ళీ అర్ధరాత్రి ఆసుపత్రి. ఈసారి డ్యూటీ డాక్టరు "ఆస్తమా ఉందా" అంటే "ఉంది" అన్నాను. "మందు వాడుతున్నారా" అంటే నేల చూశాను. పక్కన మా ఆవిడ నన్ను చూసింది.

పసిపిల్లల విషయంలో పేరు పెన్సిల్‌తో రాసినా చాలు అనిపిస్తుంది. "ఇది ఆస్తమా కావచ్చు, రెండు మూడు నెలలు మందు వాడి చూద్దాం, తగ్గితే ఆపి చూద్దాం, పెద్దయ్యాక పోతే మంచిదే" అని చెబితే ఏ తల్లిదండ్రులైనా తట్టుకోగలరు. మాకు ఎవరైనా అలా చెప్పి ఉంటే మేం తట్టుకునేవాళ్ళమా అన్నది ఇప్పుడు నిజాయితీగా చెప్పలేను.

బొమ్మకి మొదటి పఫ్

ఇన్‌హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ గొట్టాన్ని స్పేసర్ అంటారు. మాస్కు ఉన్న ఆ స్పేసర్ని మొదటి రోజు చూసి అమ్మాయి మంచం కిందికి దూరింది. రెండో రోజు మా ఆవిడ దాని ఎలుగుబంటి బొమ్మకి ముందు పెట్టింది. బొమ్మకి అయ్యాక అమ్మాయికి. మాస్కు ముక్కూ నోరూ మూసేలా ఆనించి, డబ్బా ఊపి, ఒక్కసారి నొక్కి, ఆరు ఊపిర్లు లెక్కపెట్టాలి. లోపలి చిన్న కవాటం శ్వాసకోసారి టిక్కుమంటుంది. ఆ టిక్కులు లెక్కపెట్టడం దానికి ఆటైపోయింది. అంకెలు అది నేర్చుకున్నది అక్కడే అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

నేను చేసిన తప్పులు కొన్ని. టైం కలిసొస్తుందని రెండు పఫ్‌లు ఒకేసారి నొక్కేవాణ్ణి. ఒక్కొక్కటే నొక్కి ఊపిర్లు పూర్తయ్యాక రెండోది నొక్కాలి. కడిగిన స్పేసర్ని తువ్వాలుతో శుభ్రంగా తుడిచేవాణ్ణి. అలా రుద్దితే ప్లాస్టిక్‌కి స్టాటిక్ కరెంటు పట్టి మందంతా గోడలకే అంటుకుంటుంది. సబ్బునీళ్ళలో ముంచి ఊరికే ఆరబెట్టాలి. డబ్బాలో మందు ఉందో లేదో నీళ్ళలో వేసి తేలుతుందా అని చూసేవాణ్ణి, ఎవరో చెప్పారని. అది నమ్మదగ్గ పద్ధతి కాదు, లెక్క చూపించే డబ్బా కొనుక్కోవడం మంచిది. మొదలుపెట్టిన ఆరు వారాలకి ఒకరోజు తెల్లవారి అయిదున్నరకి మెలకువ వచ్చి కంగారుగా పిల్ల ఛాతీ మీద చెయ్యి వేశాను. ఊరికే నిద్రపోతోంది. రాత్రంతా ఎవరం లేవలేదు.

ఇంట్లో మార్చినవి కొన్ని, మార్చలేనివి కొన్ని. దోమల కాయిల్ ఆపేశాం. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సూక్ష్మధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో ఒక అధ్యయనం తేల్చింది, ఇప్పుడు దోమతెరే. సాంబ్రాణి వారానికి ఒకసారి, అదీ అమ్మాయి స్కూల్లో ఉన్నప్పుడు అని అమ్మతో సంధి కుదిరింది. ఎండుమిరపకాయలు వేయించే రోజు దాన్ని పైఅంతస్తు వాళ్ళింటికి పంపిస్తాం. దీపావళి సంగతి వేరే, తలుపులన్నీ వేసుకుని కూర్చుంటాం, రెండ్రోజులు దగ్గుతుంది. తిండి విషయంలో మాత్రం పోట్లాడాను. అరటిపండు, జామకాయ, పెరుగు, ఐస్‌క్రీం అన్నీ కఫం చేస్తాయని రెండేళ్ళు ఆపేశాం. ఫలానా తిండి పడదని తేలితే తప్ప ఆస్తమా పేరుతో ఇవన్నీ మాన్పించాల్సిన పని లేదని డాక్టరు గారు చెప్పిన రోజు, దారిలో ఆగి ఐస్‌క్రీం కొనిచ్చాను. మా ఆవిడ వారం రోజులు అనుమానంగా చూసింది. ఏమీ కాలేదు.

స్కూలుతో ఇంకో కథ. నీలం ఇన్‌హేలర్ సంచిలో పెట్టి పంపితే, మందులు పిల్లల దగ్గర ఉండకూడదని ఆఫీసు గదిలో బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళం ఉన్న మేడం ఆ రోజు సెలవు. అదృష్టం కొద్దీ ఆ రోజు అవసరం రాలేదు. తర్వాత డాక్టరు గారితో ఒక పేజీ కాగితం రాయించుకున్నాం. ఆయాసం మొదలైతే నీలం ఇన్‌హేలర్ స్పేసర్‌తో నాలుగు పఫ్‌లు ఒక్కొక్కటిగా, ఇరవై నిమిషాలకి తగ్గకపోతే మళ్ళీ, గంటలో తేరుకోకపోతే ఆసుపత్రి. మాట పూర్తి చేయలేకపోతే, డొక్కలు ఎగరేస్తుంటే, పెదాలు నీలంగా మారితే, లేదా అంతసేపు వినిపించిన పిల్లికూతలు ఆయాసం తగ్గకుండానే ఆగిపోతే గంట దాకా చూడొద్దు, ఇన్‌హేలర్ ఇస్తూనే బయల్దేరాలి. ఈ చివరి వాక్యం దగ్గర పీఈటీ సారు ఆగి, "కూత ఆగితే తగ్గినట్టు కాదా సార్?" అని అడిగారు. గాలే ఆడనప్పుడు కూత కూడా రాదని చెప్పాను. ఆయన ఆ కాగితం ఫొటో తీసుకున్నారు. మర్నాటి నుంచి ఇన్‌హేలర్ ఆయన విజిల్ ఉండే సంచిలోనే ఉంటోంది.

ఇప్పుడు మా అమ్మాయి తక్కువ డోసు మీద ఉంది. ఖోఖో ఆడుతుంది. కిందటి ఏడాది తరగతిలో ఎవరో "నువ్వు ఏం పీలుస్తావ్?" అని అడిగితే "ఆస్తమా మందు" అందట, నీకు కళ్ళజోడు లేదా అని ఎదురడిగిందట. ఈ మాట మా అమ్మకి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీ నాన్న వినుంటే బాగుండేది" అంది.

చెల్లెలికి నిన్న మళ్ళీ ఫోన్ చేశాను. ఇన్‌హేలర్ మొదలుపెట్టిందట, కానీ స్పేసర్ లేకుండా నేరుగా నోట్లో కొడుతోందట, బాబు ఉమ్మేస్తున్నాడట. మాస్కు ఉన్న స్పేసర్ కొనమని చెప్పి, మా అమ్మాయి చిన్నప్పుడు బొమ్మకి పఫ్ పెట్టిన వీడియో పంపించాను. ఈ రోజు పొద్దున వాట్సాప్‌లో జవాబు వచ్చింది. "తెప్పించాం అన్నయ్యా. ఆ మందు ఇప్పుడు బాగానే తీసుకుంటున్నాడు. అత్తయ్య గారు గుడికి వెళ్ళినప్పుడు పెడుతున్నాను."